ఫొటో ఇస్తే ఫీజు మాఫీ

పదో తరగతి ఫలితాలు పొద్దున వస్తే, పొద్దు గూకేలోపు పెద్దదోర్నాలలో కార్లు దిగుతాయి. శ్రీశైలం పోయే కార్ల సంగతి కాదు. అవి టీ తాగి, అడవి గేటు మూసేలోపు ఘాటెక్కాలన్న తొందరలో ఉంటాయి. ఇవి సందుల్లోకి తిరుగుతాయి. హైస్కూల్లో 580 దాటిన పిల్ల ఇల్లెక్కడని కిరాణా కొట్టు ముందు అద్దం దించి అడుగుతాయి. అడగడం మర్యాద కోసమే. తండ్రి ఫోన్ నంబరు, తల్లి పేరు, ఎన్నెకరాలు, బోరు పోస్తుందా ఎండిందా, మిర్చి అమ్మారా కోల్డ్ స్టోరేజీలో పెట్టారా, అన్నీ డైరీలో ముందే ఉంటాయి. పంట నష్టం రాసుకునే శాఖలు వీళ్ళ దగ్గర నాలుగు రోజులు ట్రైనింగ్ తీసుకోవచ్చు.

కారు దిగేవాడిని పీఆర్వో అంటారు. తల్లిని అక్కా అనీ, తండ్రిని అన్నా అనీ ఒకే గుక్కలో పిలిచి ఇంట్లో వరసలు చెడగొట్టడానికి ఆయనకు చెప్పులు విడిచేంత సేపు చాలు. వెంట స్వీటు డబ్బా, శాలువా, సెల్‌ఫోన్ పట్టుకున్న కుర్రాడు. శాలువా పిల్లకి కప్పుతారు. ఫొటో మాత్రం శాలువా మీదున్న కాలేజీ పేరుకి తీస్తారు.

"అన్నా, పాప బంగారం. చైర్మన్ గారే పేరు చెప్పి పంపారు. మన దాంట్లో ఫీజు లక్షా ఎనభై. పాపకి లక్షా ఇరవై స్కాలర్‌షిప్."

"అంటే అరవై వేలు కట్టాలా సార్?"

"కట్టాలి అనబాక అన్నా. కట్టేది లేదనుకో. అరవై మాత్రం కట్టు."

అంకెలు ఉదాహరణకి చెప్పాను. కాలేజీని బట్టి, ఊరిని బట్టి, తండ్రి ముఖంలో కనబడే ఆశను బట్టి అవి మారుతుంటాయి. మారనిది లెక్క. ఆషాఢంలో చీరల కొట్టువాడు రెండు వేల చీరకి ఐదు వేల చీటీ అంటించి మూడు వేలు తగ్గించానంటే, మన ఆడవాళ్ళు "అసలు రేటు చెప్పు నాయనా" అని నవ్వుతారు. పిల్ల చదువు దగ్గరకొచ్చేసరికి అదే ఇంట్లో నవ్వు మాయమై కృతజ్ఞత వస్తుంది. ఆ లక్షా ఎనభై పూర్తిగా కట్టిన మహానుభావుడు ఎవరో, ఒక్క రసీదు చూపించమని అడిగినవాడు మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా నాకు తగల్లేదు.

ఇది మన కనిపెట్టుడు కూడా కాదు. అమెరికాలో ప్రైవేటు కాలేజీలు బోర్డు మీద ఆకాశమంత ఫీజు రాసి, మొదటి ఏడాది చేరేవాళ్ళకు సగటున అందులో సగానికి పైగా 'మెరిట్' పేరుతోనో, ఇంకో పేరుతోనో వెనక్కి ఇచ్చేస్తాయి. హార్వర్డ్, యేల్ వంటి ఐవీ లీగ్ వాళ్ళు మాత్రం మెరిట్ స్కాలర్‌షిప్ ఇవ్వనే ఇవ్వరు. ఇంటి ఆదాయం చూసి సాయం చేస్తారు. సరుకు మీద నమ్మకమున్నవాడికి డిస్కౌంటు బోర్డుతో పని లేదు.

మళ్ళీ మన ఇంటికొద్దాం. లక్షా ఇరవై తగ్గింది దేంట్లో? ట్యూషన్ ఫీజులో. హాస్టలు వేరు, మెస్సు వేరు, మెటీరియల్ వేరు, యూనిఫాం వేరు, బట్టలుతికినందుకు వేరు, పరీక్ష ఫీజు వేరు, 'ఐఐటీ ప్రోగ్రాం' అనేదొకటి అన్నిటికన్నా వేరు. రాయితీ మొదటి సంవత్సరానికి. రెండో సంవత్సరానిది వారాంతపు పరీక్షల ర్యాంకును బట్టి. మధ్యలో పిల్ల ఉండలేక వచ్చేస్తే రాయితీ రద్దు; మొత్తం ఫీజు 'క్లియర్' చేస్తేనే సర్టిఫికెట్లు. ఈ చివరి మూడు వాక్యాలు పీఆర్వో నోట రావు. అప్లికేషన్ ఫారం వెనక పేజీలో, చీమ కూడా కళ్ళజోడు పెట్టుకోవాల్సిన అక్షరాల్లో ఉంటాయి. కిందనే "నేను చదివి అర్థం చేసుకున్నాను" అని తండ్రి సంతకం.

ఆ రాత్రి ఇంట్లో సభ జరుగుతుంది. ఊరు నిద్రపోయాక మేనమామ హైదరాబాదు నుంచి ఫోన్లో అధ్యక్షత వహిస్తాడు. సభలో ఎవరూ పిలవని ఒకాయన ఉంటాడు, హైస్కూల్ లెక్కల సారు. ఆయన చేతిలో స్వీటు డబ్బా ఉండదు, నోటిఫికేషన్ జిరాక్సు ఉంటుంది.

"అమ్మాయికొచ్చిన మార్కులకు ట్రిపుల్ ఐటీకి పెట్టండి. ఎంట్రన్స్ లేదు, పదో తరగతి మార్కులే. సర్కారు బడి పిల్లలకు 4 శాతం కలుపుతారు కూడా. ఆరేళ్ళ చదువు. పీయూసీ, బీటెక్ ఒక్కచోటే అయిపోతాయి."

ఈ ట్రిపుల్ ఐటీలు నడిపే రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని 2008లో పెట్టింది ఇలాంటి పిల్లల కోసమే. నూజివీడు, ఇడుపులపాయ, 2016లో వచ్చిన శ్రీకాకుళం, ఒంగోలు. పీయూసీకి ఏడాదికి 45,000, బీటెక్‌కి 50,000. అర్హత ఉన్నవాళ్ళకు ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తిస్తుంది. ఇదీ మెరిట్ స్కాలర్‌షిప్పే. పేరు అలా పెట్టలేదు, శాలువా కప్పలేదు, అంతే తేడా. ఆరేళ్ళ సీటును ఎవరూ వచ్చి తలుపు కొట్టి ఇవ్వరు కనుక దానికి విలువ లేదు.

ఫోన్లో మామయ్య గొంతు సవరించుకుంటాడు. "బావా, గవర్నమెంటు దాంట్లో ఎవరన్నా చదువుతారా ఈ రోజుల్లో?" ఆయన చదివింది మార్కాపురంలో, గవర్నమెంటు కాలేజీలోనే. చేస్తున్నది గవర్నమెంటు ఉద్యోగమే. జీతం కూడా ఆ గవర్నమెంటే ఇస్తోంది. కానీ ఆ సంగతి సభలో గుర్తు చేసే వయసు ఎవరికీ లేదు.

నానమ్మకి ఇంకో భయం. ఆడపిల్లని ఆరేళ్ళు అంతదూరం పంపడమా? దానికి పీఆర్వో దగ్గర సమాధానం తయారుగా ఉంది: మన విజయవాడ హాస్టల్లో కిటికీలకు గ్రిల్లు, గేటుకి తాళం, వరండాకో కెమెరా, ఫోను ఆదివారం పది నిమిషాలు, ఔటింగ్ నెలకొకసారి. నానమ్మ స్థిమితపడుతుంది. జైలంటే భయపడేవాళ్ళమే, ఫీజు కట్టి పంపాల్సి వస్తే దాన్నే భద్రత అంటాం.

ఒంగోలు ట్రిపుల్ ఐటీ మాట ఎత్తితే మామయ్యకి ఒక్క పాయింటు దొరుకుతుంది, అది న్యాయమైనదే. ఒంగోలు పేరుతో క్యాంపస్ ఇచ్చి, మొదట్లో పిల్లల్ని ఇడుపులపాయ బస్సెక్కించారు. పేరు ఒక జిల్లాలో, పడక ఇంకో జిల్లాలో. సర్కారు తన మంచి పనిని తానే ఇలా అపహాస్యం చేసుకుంటే, పీఆర్వోకి ప్రచార ఖర్చు మిగలదూ?

సర్కారు సంగతి వచ్చింది కాబట్టి మెరిట్‌కి అది చేసే సన్మానం కూడా చూద్దాం. ఒక ప్రభుత్వంలో ప్రతిభా పురస్కారాలు. ఇంకో ప్రభుత్వంలో ఆణిముత్యాలు. మళ్ళీ ప్రభుత్వం మారాక షైనింగ్ స్టార్స్. పిల్లలు అవే మార్కులు తెచ్చుకుంటారు, ఫ్లెక్సీలో ముఖాలు మారతాయి. పిల్ల ముఖం మాత్రం ఏ ఫ్లెక్సీలోనైనా అడుగున, పోస్టల్ స్టాంపు సైజులోనే ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంటు ఒకాయన తల్లుల ఖాతాలో వేశాడు, ఇంకొకాయన కాలేజీ ఖాతాలో వేస్తానన్నాడు. ఏ ఖాతాలో వేసినా బకాయి అనే మాట పోలేదు. హాల్‌టికెట్ల రోజున కాలేజీ క్లర్కు "మీ డబ్బులు పడలేదమ్మా" అంటాడు. కొత్తూరు దగ్గర వెలిగొండ ప్రాజెక్టు సొరంగం చూస్తూ పెరిగిన ఊరు మనది. 1996లో శంకుస్థాపన, 2024 మార్చిలో జాతికి అంకితం, అంకితమయ్యాక కూడా పనులు. ఆ నీళ్ళ మీద నమ్మకం పెట్టుకోగలిగినవాళ్ళకి రీయింబర్స్‌మెంటు మీద నమ్మకం పెట్టుకోవడం ఏమంత కష్టం?

ఈ పిల్ల ఎనిమిదో తరగతిలోనే ఎన్ఎంఎంఎస్ పరీక్ష రాసి గెలిచిందనుకుందాం. కేంద్రం ఇచ్చే ఈ స్కాలర్‌షిప్ ఏడాదికి 12,000, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్ళు. ఇంటి ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. రాష్ట్రానికి 4,087 మాత్రమే. అంటే అంతమందిలో ఒకతి. ప్రైవేటు కాలేజీలో చేరిన రోజున ఆ నెలనెలా వెయ్యి ఆగిపోతుంది, ఎందుకంటే అది సర్కారు, ఎయిడెడ్ బడుల్లో చదివేవాళ్ళకే. (రెసిడెన్షియల్లో చేరినా ఆగుతుంది, కానీ అక్కడ తిండీ పడకా సర్కారే చూస్తుంది కాబట్టి దానికో అర్థముంది.) పరీక్ష రాసి సంపాదించుకున్న నిజమైన స్కాలర్‌షిప్ పోగొట్టుకుని, చీటీ మీద రాసిన స్కాలర్‌షిప్ తీసుకుంటున్నామన్న ముక్క ఆ రాత్రి సభలో లెక్కల సారు తప్ప ఎవరూ అనలేదు. ఏపీఆర్‌జేసీ ఎంట్రన్స్ ఊసు కూడా ఆయనే ఎత్తాడు. చదువూ హాస్టలూ ఉచితం అన్నాడు. ఉచితం అన్న మాట వినగానే మామయ్య ఫోన్ మ్యూట్‌లో పెట్టాడు.

పిల్లని ఎవరైనా అడిగారా? అడిగారు. "నీకేది ఇష్టం తల్లీ?" అన్నారు. అప్పటికే శాలువా ఫొటో కాలేజీ వాట్సాప్ స్టేటస్‌లో ఉంది.

విజయవాడలో చేరాక తెలిసే సంగతులు వేరు. అక్కడ పిల్లలందరూ ఒకే కాలేజీలో ఉండరు, ఒకే బిల్డింగులో ఉంటారు. పై అంతస్తులో ర్యాంకుల బ్యాచ్. సీనియర్ లెక్చరర్లు, ఏసీ, విడిగా డౌట్ క్లాసులు. కింద అంతస్తుల్లో మిగతావాళ్ళు. కింద అంతస్తు పిల్లల తండ్రులు పూర్తి ఫీజు కడతారు. వాళ్ళకి రాయితీ ఇవ్వడానికి వాళ్ళ మార్కులు చాలవు, ఫీజు కట్టించుకోవడానికి మాత్రం చాలుతాయి. మన పిల్లకి తగ్గించిన లక్షా ఇరవై చైర్మన్ గారి జేబులోంచి రాలేదు. పొదిలిలోనో కంభంలోనో 410 మార్కులొచ్చిన కుర్రాడి తండ్రి కట్టాడు. ఆ తండ్రి ఎందుకు చేర్చాడు? మన పిల్ల ఫొటో చూసి. మెరిట్‌కి ఇచ్చే బహుమతి కాదిది, మోడలింగ్‌కి ఇచ్చే కూలి. ఏ సబ్బు కంపెనీ అయినా ఇంతకన్నా ఎక్కువే ఇస్తుంది, పైగా పొద్దున నాలుగున్నరకి లేపదు.

చెంచు గూడేల వైపు ఈ కార్లు తిరగవు. ఆశ్రమ పాఠశాలలో చదివి మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లకి ఎవరూ శాలువా తీసుకెళ్ళరు. ఐటీడీఏ పేరు హోర్డింగు మీద వేస్తే ఎవరు చేరతారు? నిజానికి ఆ పిల్లకి ఐఐటీలో సీటొస్తే ట్యూషన్ ఫీజు పైసా ఉండదు. ఆ ముక్క చెప్పడానికి గూడెం దాకా నడిచేవాడికి మన వ్యవస్థలో టీఏ, డీఏ లేవు.

అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ కార్పొరేట్ కాలేజీల్లో చదివి ఐఐటీకి వెళ్ళినవాళ్ళు మన ప్రాంతంలోనూ ఉన్నారు. పాఠం చెప్పరని నేననను. చెప్పినదాన్నే చెప్పి, రుద్ది, పరీక్ష పెట్టి, ర్యాంకు వేసి, మళ్ళీ రుద్దుతారు. కొందరు పిల్లలకు అది పనిచేస్తుంది. మిగతావాళ్ళకు ఏమవుతుందో తెలుసుకోవడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదా రెడ్డి కమిటీ వేశారు. హాస్టళ్ళలో పిల్లలు ఉరేసుకుంటుంటే వేసిన కమిటీ అది. తర్వాత ఇంకో ప్రభుత్వం ఇంకో కమిటీ వేసింది. కమిటీ నివేదికలకు ఎవరూ పూర్తి పేజీ యాడ్ ఇవ్వరు.

యాడ్‌లంటే గుర్తొచ్చింది. జేఈఈ ఫలితాల రోజు పేపరు తెరవండి. ఒకే కుర్రాడు మూడు పేజీల్లో మూడు సంస్థల టీషర్టు వేసుకుని నవ్వుతుంటాడు. ఒకచోట రెండేళ్ళు చదివాడు, ఒకచోట ఆన్‌లైన్ టెస్టులు రాశాడు, ఇంకోచోట కౌన్సెలింగ్ గైడెన్స్ తీసుకున్నాడు, అంటే గేటు దాకా వెళ్ళొచ్చాడు. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ దీనికి మార్గదర్శకాలు పెట్టింది: ఫొటో వేస్తే ఆ పిల్లాడు ఏ కోర్సు తీసుకున్నాడో చెప్పాలి, ఫలితం వచ్చాకే అనుమతి రాయించుకోవాలి, సీటు గ్యారంటీ అనకూడదు. అదే ఏడాది జనవరిలో కేంద్ర విద్యాశాఖ పదహారేళ్ళు నిండకుండా, పదో తరగతి పరీక్ష కాకుండా కోచింగ్‌లో చేర్చుకోవద్దంది. మనవాళ్ళు రెండిటికీ తలొంచారు. అందుకే ఆరో తరగతి పిల్లలకు చెప్పేది కోచింగ్ కాదు, 'ఫౌండేషన్'.

రెండో సంవత్సరం మొదట్లో మన పిల్లని పై అంతస్తు నుంచి ఒక అంతస్తు దించారు. జ్వరమొచ్చి రెండు వారాంతపు పరీక్షలు పోయాయి. అంతస్తు దిగితే రాయితీ కూడా దిగుతుంది. తండ్రి ఫోన్ చేస్తే పీఆర్వో నంబరు "మీరు ప్రయత్నిస్తున్న నంబరు" అంది. ఆయన వేరే కాలేజీకి మారాడు. అక్కడ జీతం ఎక్కువ. మెరిట్‌కి నిజమైన గుర్తింపు పీఆర్వోలకే ఉంది.

దిగినా పిల్ల చదివింది. జేఈఈ మెయిన్ బాగానే వచ్చింది, అడ్వాన్స్‌డ్ రాసింది. ఇప్పుడు అసలు లెక్క. ఐఐటీలో ట్యూషన్ ఏడాదికి 2 లక్షలు. ఆ అంకె విని చాలా ఇళ్ళలో మాట అక్కడితో ఆగిపోతుంది. 2016 నుంచి ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు అది పూర్తిగా మాఫీ. కులమేదైనా ఇంటి ఆదాయం లక్ష లోపయితే పూర్తిగా మాఫీ. లక్ష నుంచి 5 లక్షల దాకా మూడింట రెండొంతులు మాఫీ. ఎన్ఐటీల్లోనూ దాదాపు ఇదే పద్ధతి. బ్యాంకు అప్పు కావాలంటే 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి ఉంది: మంచి ర్యాంకింగున్న సంస్థల్లో సీటొస్తే ఆస్తి తాకట్టు లేకుండా అప్పు, ఆదాయం 8 లక్షల లోపయితే 10 లక్షల వరకు అప్పుపై చదివినన్నాళ్ళు 3 శాతం వడ్డీ రాయితీ. ఇంటర్‌లో బోర్డు మార్కుల్లో పై 20 పర్సెంటైల్‌లో ఉంటే కేంద్రం ఏడాదికి 12,000 ఇచ్చే ఇంకో స్కాలర్‌షిప్ ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంటు తీసుకునేవాళ్ళకి మాత్రం అది లేదు. వీటిలో చాలావరకు ఇంటి ఆదాయం అడుగుతాయి. ఆదాయం విషయంలో మన దగ్గర సామ్యవాదం ఎప్పుడో వచ్చేసింది. మూడంతస్తుల మేడవాడికీ, పాక వాడికీ సచివాలయం ఇచ్చే సర్టిఫికెట్లో అంకె ఒక్కటే.

అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు వచ్చేలోపే ఫోన్లు మొదలయ్యాయి. ఈసారి డీమ్డ్, ప్రైవేటు యూనివర్సిటీలు. మెరిట్ స్కాలర్‌షిప్ అనే మాట ఇక్కడ ఇంగ్లీషులో వినిపిస్తుంది కాబట్టి ఇంకా బరువు. ఏఐసీటీఈ 2024లో సీట్ల పరిమితి ఎత్తేశాక కంప్యూటర్ సైన్సు సీట్లు నల్లమల వెదురులా పెరిగాయి. అన్నీ నిండాలి కదా.

"హలో మేడం, కంగ్రాచులేషన్స్! మా యూనివర్సిటీలో మీకు హండ్రెడ్ పర్సెంట్ మెరిట్ స్కాలర్‌షిప్ వచ్చింది."

"నేను అప్లై చెయ్యలేదండీ."

"అందుకే మేడం, సర్‌ప్రైజ్."

"హండ్రెడ్ పర్సెంట్ అంటే ట్యూషన్ ఒక్కదాంట్లోనా, హాస్టల్, మెస్ కూడానా?"

"ట్యూషన్‌లో మేడం. హాస్టల్ ప్రీమియం."

"నాలుగేళ్ళూ ఉంటుందా? ఏ సీజీపీఏ కిందికి వస్తే పోతుంది? ఒక్క సబ్జెక్టు తప్పితే ఆ ఏడాదిది మాత్రమే పోతుందా, మొత్తమా? పోయినేడు ఫస్టియర్‌లో ఎంతమందికి ఇచ్చారు, వాళ్ళలో సెకండియర్‌కి ఎంతమందికి మిగిలింది? ఎన్ఐటీలో సీటొచ్చి నేను వెళ్ళిపోతే కట్టింది ఎంత తిరిగిస్తారు? ఒరిజినల్స్ మీ దగ్గర పెట్టుకుంటారా? నా ఫొటో వాడతారా? వాడితే దానికి విడిగా ఎంతిస్తారు? ఇదంతా మీ యూనివర్సిటీ మెయిల్ నుంచి రాసి పంపండి, మా నాన్నకి చూపించి చెప్తాను."

అవతల కాసేపు కీబోర్డు చప్పుడు.

"మేడం, మా దగ్గర లా కోర్సు కూడా ఉంది. దాంట్లో మీకు నలభై శాతం ఇప్పిస్తాను."